పిల్లల సైన్స్ ప్రయోగాలు: కిట్టు కొనేముందు మీ ఇంటి కుళాయి నీళ్లు చూడండి

మీరు అడిగినది సంక్షిప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్లి దగ్గర మీ అపార్ట్‌మెంటులో మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదువుతున్న తెలుగు పిల్లలు పదిహేను మంది వరకు ఉన్నారు. శనివారం సాయంత్రాలు క్లబ్‌హౌసులో గంటసేపు వాళ్లకు సైన్స్ ప్రయోగాలు చూపిస్తున్నారు. ప్రతిసారీ నాలుగైదు ప్రయోగాలు చేసినా, నెల తిరిగేసరికి వాళ్లకు నురగ పొంగిన అగ్నిపర్వతం తప్ప మరేమీ గుర్తుండడం లేదు. అందువల్ల పిల్లలకు తలా ఒక కిట్టు కొనాలా, లేక ఎవరైనా మాస్టారిని పెట్టుకోవాలా అన్నది మీ సందేహం. అనంతపురం జిల్లాలోనూ, ఆ తర్వాత బెంగళూరులోనూ హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ సెలవుల్లో మా వీధి పిల్లలతో ఇదే పనిలో ఉంటాను. నా అభిప్రాయంలో ఆ రెండూ అక్కర్లేదు. వారానికి నాలుగైదు ప్రయోగాలు చూపించడం మానేసి, నాలుగైదు వారాల పాటు ఒకే విషయాన్ని పట్టుకోండి.

పెద్దవాళ్లు ముందు నిలబడి సీసాలో ఏదో పోసి, అది పొంగితే పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ ఫలితం మీద వాళ్లు కాసిన పందెం ఏదీ లేదు కనుక అది ఎలా వచ్చినా వాళ్లకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అదే పిల్లను కూర్చోబెట్టి, ఏమవుతుందో, ఎందుకు అవుతుందో ముందుగా నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయమంటే, తను రాసినది నిలుస్తుందా లేదా అని కళ్లార్పకుండా చూస్తుంది. ఆ తర్వాత ఒక్క విషయాన్ని మాత్రమే మార్చి, మిగిలినవన్నీ అలాగే ఉంచి, మళ్లీ చేయనివ్వాలి. మూడోసారి ఏమీ మార్చకుండా చేయనివ్వాలి, ఎందుకంటే అప్పుడు కూడా అంకెలు సరిగ్గా కలవవు. ఎందుకు కలవలేదన్న తగాదా పిల్లల మధ్య అప్పుడే మొదలవుతుంది. నా లెక్కలో పాఠం మొదలయ్యేది ఆ తగాదా దగ్గరే. రాసేటప్పుడు తెలుగా, ఇంగ్లీషా, కన్నడమా అని పట్టుబట్టకండి. చిన్నవాళ్లయితే బొమ్మ వేసినా చాలు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు పాఠశాలలతో మొదలై 2002 వరకు నడిచిన సైన్స్ బోధన కార్యక్రమంలో, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పల్లెటూరి పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగాలు చేసి, అంకెలు రాసి, వాటి మీద వాదించుకునేవారు. పరీక్షలో పుస్తకం చూసి రాయడానికి కూడా అనుమతి ఉండేది. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్న అరవింద్ గుప్తా గారు ఆ పని మొదలుపెట్టింది కూడా ఆ వాతావరణంలోనే. ఆ బడులలో లేనిది డబ్బు. మీ క్లబ్‌హౌసులో లేనిది తీరిక. రెండోదాన్ని సంపాదించడం తేలిక.

ముందుగా మీ అగ్నిపర్వతం సంగతే తీసుకుందాం. వంట సోడా, వెనిగర్ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు పుట్టి పొంగుతుంది. నిజమైన అగ్నిపర్వతానికీ దీనికీ రూపంలో తప్ప సంబంధం లేదు. మట్టి కొండ, ఎర్ర రంగు పక్కన పెట్టి, అదే సోడాను బెలూనులో వేసి, వెనిగర్ ఉన్న సీసా మూతికి తొడిగి, ఆ తర్వాత బెలూను పైకెత్తి సోడాను లోపలికి వంపమనండి. వెనిగర్ కొలత మార్చకుండా ఒక సీసాలో అర చెంచా సోడా, రెండోదానిలో ఒక చెంచా, మూడోదానిలో రెండు, నాలుగోదానిలో నాలుగు చెంచాలు వేయించి, ఒక్కొక్క బెలూను చుట్టుకొలతను దారంతో కొలిపించండి. సోడా పెంచేకొద్దీ బెలూను పెరుగుతూనే ఉంటుందని దాదాపు పిల్లలందరూ రాస్తారు. ఒక దశ దాటాక అది పెరగదు, సీసా అడుగున తెల్లని పొడి మిగిలిపోతుంది. వెనిగర్ అయిపోయిందన్న మాట మీరు చెప్పకండి. ఇంకొంచెం వెనిగర్ పోద్దామని ఎవరో ఒకరు అనేదాకా ఆగండి. ఎనిమిదో తరగతి తర్వాత రసాయన సమీకరణాల్లో వచ్చే ఒక పెద్ద విషయాన్ని పదేళ్ల పిల్ల చేత్తో పట్టుకున్నట్టు అవుతుంది.

ఇక నాలుగైదు వారాలు నడిచే విషయం ఏదైనా ఒకటి సూచించమంటే, బెంగళూరులో ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది నీళ్ల కాఠిన్యం, అంటే సబ్బు నురగను సరిగా రానివ్వని గుణం. మీ అపార్ట్‌మెంటులో కావేరి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు, వంటింట్లో ఆర్వో నీళ్లు ఉంటాయి. వానాకాలమైతే మేడమీద పట్టిన వాన నీళ్లు కూడా దొరుకుతాయి. ఇన్ని రకాల నీళ్లు ఒకే గుమ్మంలో దొరకడం ప్రయోగాల దృష్టితో చూస్తే పెద్ద సౌకర్యం, నెల నెలా ట్యాంకరు బిల్లు కట్టేవాళ్లకు అలా అనిపించకపోవచ్చు.

మొదటి శనివారం ఒకే పరిమాణం ఉన్న ఖాళీ నీళ్ల సీసాలు అయిదు తెప్పించి, ఒక్కొక్క దానిలో 100 మిల్లీలీటర్ల చొప్పున ఒక్కొక్క రకం నీళ్లు పోయించండి. ఒంటికి రుద్దుకునే సబ్బును తురిమి, ఒక చెంచాడు తురుమును గోరువెచ్చని ఆర్వో నీళ్లు ఒక గ్లాసులో కరిగించి, తేరిన ద్రావణాన్ని డ్రాపరుతో వేయించాలి. పది చుక్కలు వేయడం, మూత పెట్టి ఇరవైసార్లు ఊపడం, నురగ ఒక నిమిషం పాటు నిలిచిందా అని చూడడం, నిలవకపోతే మరో పది చుక్కలు వేయడం: ఇంతే పని. నురగ నిలిచేదాకా ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోవాలి. కాఠిన్యం ఎక్కువ ఉన్న నీళ్లలో నురగకు బదులు విరిగిన పాలలాంటి తెల్లని తెట్టు తేలుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారడమే అది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. గిన్నెలు తోమే ద్రవం, షాంపూ, బట్టల పొడి లాంటివి వాడితే ఈ ప్రయోగం పనిచేయదు. అవి డిటర్జెంట్లు, కఠిన జలంలో కూడా బాగానే నురగనిస్తాయి. అన్ని నీళ్లలోనూ నురగ ఒకేలా వస్తోందని పిల్లలు ఫిర్యాదు చేస్తే ముందు ఈ సంగతి చూడండి. ఆ ఫిర్యాదునే మరో శనివారం పాఠంగా మార్చుకోవచ్చు కూడా.

రెండో వారం మీ ఇంట్లోని టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలను అంకెలో చూపే చిన్న పరికరం, తెప్పించండి. నీళ్ల నాణ్యత మొత్తం ఆ మీటరు అంకెలోనే ఉందని చాలామంది పెద్దవాళ్లు నమ్ముతారు. ఆర్వో నీళ్లు రెండు సీసాలలో పోసి, ఒకదానిలో చిటికెడు వంట ఉప్పు, రెండోదానిలో మందుల షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్ చిటికెడు కలిపించండి. రెండింటిలోనూ మీటరు అంకె ఎగబాకుతుంది. సబ్బు చుక్కలు వేస్తే మాత్రం వంట ఉప్పు సీసాలో నురగ మామూలుగానే వస్తుంది, మెగ్నీషియం ఉన్న ఎప్సమ్ సాల్ట్ సీసాలో తెట్టు కడుతుంది. మీటరు కొలిచేది నీళ్లగుండా విద్యుత్తు ఎంత ప్రవహిస్తుందన్నదే. దాని నుంచి కరిగిన లవణాల మొత్తాన్ని అది అంచనా కడుతుంది, ఏ లవణమో దానికి తెలియదు. ఒక పరికరం ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో ఆరో తరగతిలోనే తెలుసుకున్న పిల్లలు తర్వాత ఏ అంకెనూ గుడ్డిగా నమ్మరు. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. పిల్లల చుక్కల లెక్కతో ఈ అంకె రాదు, కానీ ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న వరుస వస్తుంది. ఆ తేడాను వాళ్లకు స్పష్టంగా చెప్పండి.

మూడో వారం బోరు నీళ్లను మరిగించి, చల్లార్చి, పైతేటను తీసుకుని మళ్లీ చుక్కలు లెక్కించాలి. ఎప్సమ్ సాల్ట్ నీళ్లతో కూడా అలాగే చేయాలి. మొదటిదానిలో కాఠిన్యం ఎంతో కొంత తగ్గే అవకాశం ఉంది, రెండోదానిలో తగ్గదు. మరిగించినప్పుడు విడిపోయే భాగమే మీ కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది. దాని మీద నిమ్మరసం పిండితే బుస్సుమని బుడగలు వస్తాయి, అంతకుముందు బెలూనులో నింపిన వాయువే ఇది కూడా. ఈ రెండూ ఒకటేనా అని పిల్లలు అడగకపోతే మీరే అడగవచ్చు. నాలుగో వారం కొద్దిగా బట్టల సోడా కలిపితే నీళ్లు మెత్తబడతాయేమో చూడండి. సోడా చేతికి మంట పుట్టిస్తుంది కనుక అది కలిపే పని పెద్దవాళ్లదే కావాలి. ఈపాటికి పిల్లలకు, బోరు నీళ్లలో ఈ కాల్షియం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వస్తుంది. ఆ ఆదివారం లాల్‌బాగ్‌కు తీసుకువెళ్లండి. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ అనే చారల శిల. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. నల్లని, తెల్లని చారలను భూతద్దంతో చూపించి, మన బోర్లు వందల అడుగుల లోతున ఇలాంటి రాళ్ల పగుళ్లలోంచే నీళ్లు తోడుతున్నాయని చెబితే, వాన నీళ్లకూ బోరు నీళ్లకూ చుక్కల లెక్కలో అంత తేడా ఎందుకు వచ్చిందో వాళ్లే కలుపుకుంటారు.

మూడో తరగతి పిల్లనూ ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం కష్టమని మీరు రాశారు, అది నిజమే. నీళ్ల ప్రయోగంలో చిన్నవాళ్లు ఊపడం, చుక్కలు లెక్కపెట్టడం, నురగ బొమ్మ గీయడం చేస్తే, పెద్దవాళ్లు మూడుసార్ల సగటు తీసి గ్రాఫు గీస్తారు. అయినా అయిదో తరగతి లోపు పిల్లలకు విడిగా రెండు విషయాలు పెట్టుకోవడం మేలు. మొదటిది మొలకలు. పెసలను అయిదు గిన్నెలలో పెట్టాలి: పొడిగా, తడి గుడ్డలో, నీళ్లలో పూర్తిగా ముంచి, తడి గుడ్డలో చీకటి అలమారలో, తడి గుడ్డలో ఫ్రిజ్‌లో. చీకటిలో మొలకెత్తదని పిల్లలు గట్టిగా చెబుతారు, ఎందుకంటే మొక్కకు ఎండ కావాలని బడిలో నేర్చుకున్నారు. చీకటి అలమారలోని పెసలు మొలకెత్తడమే కాక, కొన్నాళ్లు అలాగే ఉంచితే వెలుగులో ఉన్నవాటికన్నా పొడుగ్గా, పాలిపోయి సాగుతాయి. గింజలో దాచుకున్న ఆహారంతో మొలక వెలుగును వెతుక్కుంటూ పోతోందన్న వివరణ అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. నీళ్లలో మునిగినవి గాలి అందక కుళ్లుతాయి. ఆ వాసన కూడా పాఠమే, తల్లిదండ్రులకు మాత్రం ముందుగా చెప్పి ఉంచండి.

రెండోది పసుపు. దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేయడం మన ఇళ్లలో పిల్లలు చూసే ఉంటారు. పసుపు నీళ్లు పూసి ఆరబెట్టిన కాగితం ముక్కల మీద సబ్బు నీళ్లు, వంట సోడా కలిపిన నీళ్లు, నిమ్మరసం, చింతపండు రసం, మజ్జిగ ఒక్కొక్క చుక్క వేయిస్తే, క్షారాలకు ఎర్రబడుతుంది, ఆమ్లాలకు పసుపుగానే ఉంటుంది, ఎర్రబడిన చోట నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు అవుతుంది. ఆ తర్వాత మందార పువ్వు రసంతో అదే పట్టిక మళ్లీ వేయమంటే రంగులు వేరుగా వస్తాయి, ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. పసుపు ఆమ్లాన్నీ మామూలు నీళ్లనూ వేరుచేసి చెప్పలేదు, మందారం చెప్పగలదు. ఈ సంగతిని నాలుగో తరగతి పిల్ల తన పట్టికలోంచి తానే చదవగలదు. సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక పిల్లల చేతికి సబ్బు, సోడా నీళ్లు చాలు.

ఇప్పుడు మీరు చూస్తున్న వీడియోల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే వాటిలో ప్రయోగం సరిగానే ఉండి వివరణ తప్పుగా ఉండడం మామూలు. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోయి నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో అయిదో వంతు ఉన్న ఆక్సిజన్ అంతా కాలిపోయినందువల్ల అంత మేర నీళ్లు ఎక్కాయని చెబుతారు. పాత పుస్తకాలలోనూ ఇదే ఉంది. ఇది తప్పు. కొవ్వొత్తి ఆరిపోయేసరికి లోపల ఆక్సిజన్ ఇంకా చాలానే మిగిలి ఉంటుంది, కాలినదానికి బదులుగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కూడా. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత అంచుల కిందుగా బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటుంది, అప్పుడు బయటి వాతావరణ పీడనం నీళ్లను లోపలికి తోస్తుంది. దీన్ని మాటతో చెప్పకుండా పిల్లల చేతనే తేల్పించవచ్చు. అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తి బదులు మూడు పెట్టమనండి. ఆక్సిజనే కారణమైతే గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే కనుక నీళ్లు రెండుసార్లూ ఒకే ఎత్తుకు రావాలి. మూడు కొవ్వొత్తులకు నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు దగ్గర బుడగలు, మంట ఆరిన తర్వాతే వేగంగా ఎక్కే నీళ్లు కూడా గమనించమనండి. అసలు కొవ్వొత్తే లేకుండా, వేడినీళ్లతో కడిగి వేడెక్కించిన స్టీలు గ్లాసును పళ్లెంలో బోర్లించినా నీళ్లు కొద్దిగా లోపలికి వస్తాయి. పుస్తకంలోని వాక్యాన్ని తన చేతులతో కొట్టేసిన పిల్లవాడు ఆ రోజు ఇంటికి వెళ్లే నడకే వేరుగా ఉంటుంది.

అమెరికా వీడియోలలో నిమ్మకాయ బ్యాటరీకి రాగి నాణెం గుచ్చమంటారు. మన రూపాయి, రెండు రూపాయల నాణేలు స్టెయిన్‌లెస్ స్టీలువి, అయస్కాంతానికి అంటుకుంటాయి కూడా. వాటితో ఆ ప్రయోగం కుదరదు. మందపాటి రాగి తీగ, జింకు పూత ఉన్న మేకు వాడాలి. ఒక్కొక్క నిమ్మకాయ ఒక వోల్టుకు కొద్దిగా తక్కువ ఇస్తుంది, కరెంటు మరీ స్వల్పం. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి రెండు వోల్టుల దాకా కావాలి కనుక మూడు నాలుగు కాయలను వరుసగా కలిపితే చీకటి గదిలో మసకగా వెలుగుతుంది. నిమ్మకాయతో టార్చి బల్బు వెలిగించి చూపే వీడియో కనబడితే అది మోసమని పిల్లలకు చెప్పవచ్చు.

బెంగళూరులో ఉన్నందువల్ల మాత్రమే బాగా కుదిరే ప్రయోగాలు రెండున్నాయి, ఇవి ఆరు నుంచి ఎనిమిది తరగతులకు. మొదటిది మరిగే నీళ్ల ఉష్ణోగ్రత. 110 డిగ్రీల దాకా కొలిచే, పాదరసం లేని ల్యాబు థర్మామీటరు తీసుకోండి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. మరిగే నీళ్లలో పెడితే ఇక్కడ సుమారు 97 డిగ్రీలు చూపిస్తుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని అందరికీ నోటికి వచ్చు కనుక థర్మామీటరు చెడిపోయిందని పిల్లలు అంటారు, పెద్దవాళ్లు కూడా అదే అంటారు. ఆ ఆరోపణను పరీక్షించాలి కదా. కరుగుతున్న మంచు ముక్కల మధ్య పెడితే సున్నా చూపిస్తోందా లేదా అని ముందు చూడాలి, రెండో థర్మామీటరుతో పోల్చాలి, ఆ తర్వాత చెన్నైలోనో నెల్లూరులోనో ఉన్న మేనమామ ఇంట్లో ఇదే ప్రయోగం చేయించి ఫోనులో అంకె అడగాలి. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు 300 మీటర్లు పెరిగేకొద్దీ మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. గిన్నెను పొయ్యి దగ్గర పట్టుకునే పని, థర్మామీటరు ముంచే పని పెద్దవాళ్లు చేయాలి, ఆవిరి చేతికి తగలకుండా చూడాలి. అంకె చదవడం మాత్రం పిల్లల పని.

రెండోది నీడ. బెంగళూరు, చెన్నై రెండూ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరగా ఉన్నాయి కనుక ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలిపిన కర్రకు నీడ పడదు. ఆగస్టులో మబ్బులుంటాయి, ఏప్రిల్‌నే నమ్ముకోండి. ఇది పన్నెండు గంటలకు జరుగుతుందని పిల్లలు రాస్తారు. బెంగళూరులో అది 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో జరుగుతుంది. మన దేశపు గడియారం కాకినాడ, తుని ప్రాంతం మీదుగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, బెంగళూరు దానికి దాదాపు అయిదు డిగ్రీలు పడమరగా ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇరవై నిమిషాలు.

దీనికన్నా పెద్ద పని ఒకటి ఎనిమిదో తరగతివాళ్లకు అప్పగించవచ్చు. మీ వాళ్లలో చాలామందికి హైదరాబాదులో చుట్టాలుంటారు. హైదరాబాదుకు ఆ నీడలేని రోజు మే 9 ప్రాంతంలో వస్తుంది కనుక, మనకు నీడ లేని ఏప్రిల్ 24 మధ్యాహ్నం అక్కడ ఒక మీటరు కర్రకు ఏడు, ఎనిమిది సెంటీమీటర్ల నీడ ఇంకా ఉంటుంది. ఆ నీడలోంచి వచ్చే కోణం దాదాపు 4.4 డిగ్రీలు. రెండు నగరాలూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద, ఉత్తర దక్షిణాలుగా సుమారు 490 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 360ని 4.4తో భాగించి 490తో గుణిస్తే భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు రెండు ఊళ్ల మధ్య చేసిన లెక్క ఇదే. నీడ కొలవడంలో అర సెంటీమీటరు తేడా వస్తే ఫలితం ఆరేడు శాతం మారిపోతుంది కనుక, కర్ర నిటారుగా ఉందని తూకపు దారంతో సరిచూసుకోమని, అక్కడి పిల్లల చేత అయిదారుసార్లు కొలిపించమని ముందే చెప్పాలి. సెలవుల్లో బాబాయి పిల్లలతో కలిసి భూమిని కొలవడం కన్నా మంచి వేసవి పని నాకు తోచదు.

కొనుగోళ్ల సంగతి. మొత్తం పదిహేను మందికి కావలసినవాటికి ఒక మంచి కిట్టు ధర కూడా కాదు. డ్రాపర్లు, ఎప్సమ్ సాల్ట్ మందుల షాపులో దొరుకుతాయి. ఎల్‌ఈడీలు, తీగలు, చిన్న మోటార్లు, సెల్ హోల్డర్లు ఎస్పీ రోడ్డులో విడిగా ఇస్తారు, శనివారం రద్దీ ఎక్కువ కనుక మామూలు రోజుల్లో పొద్దున వెళ్లండి. ప్రతి సీసా మీద పేరు రాసిన కాగితం అంటించండి. గోడ ప్లగ్గుతో ఏ ప్రయోగమూ వద్దు, టార్చి సెల్లులు చాలు. ఇంటి దగ్గర పసిపిల్లలున్నవాళ్లకు ఒక హెచ్చరిక: బొమ్మల్లో వాడే చిన్న, చాలా బలమైన అయస్కాంతాలు, గుండీల్లాంటి బటన్ సెల్లులు ఇంటికి పంపకండి. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల గోడలకు అటూ ఇటూ అతుక్కుని రంధ్రం పెడతాయి, బటన్ సెల్లు గొంతులో ఇరుక్కుంటే గంటల్లోనే లోపల కాలుస్తుంది. అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియం, హై గ్రౌండ్స్‌లోని నెహ్రూ ప్లానెటేరియం రెండూ మంచివే, కానీ వాటితో మొదలుపెట్టకండి. నీడ కొలిచిన తర్వాత ప్లానెటేరియంకు, సెల్లులూ తీగలూ చేత్తో పట్టిన తర్వాత మ్యూజియంకు తీసుకువెళ్తే పిల్లలు అడగడానికి ఏదో ఒకటి వెంట తీసుకుపోతారు. అవకాశముంటే, కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వారి ఆవరణ కూడా చూడదగ్గది. ఊళ్ల బడులకు వ్యాన్లలో ప్రయోగ సామగ్రి తీసుకువెళ్లే పని వాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్నారు, మీకు కావలసిన ఆలోచనలు అక్కడ దొరుకుతాయి.

మాస్టారిని పెట్టుకోవడం గురించి అడిగారు. సమాధానాలు తెలిసిన మాస్టారి కన్నా, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోగలిగిన తల్లో తండ్రో మీకు ఎక్కువ ఉపయోగం. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియనప్పుడు, దాన్ని ఎలా తేల్చవచ్చో మీరే చెప్పండి అని తిరిగి అడిగితే చాలు. వారం తర్వాత చదివి చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు.

చివరగా, ఉగాదికి పెద్దలందరి ముందు పిల్లల చేత ఏదైనా ప్రదర్శన చేయించమని అసోసియేషన్ వాళ్లు అడుగుతున్నారని రాశారు. తల్లిదండ్రులు రాత్రంతా కూర్చుని థర్మోకోల్‌తో చేసే నమూనాలు వద్దు. అయిదు సీసాల నీళ్లు, సబ్బు ద్రావణం, డ్రాపరు బల్ల మీద పెట్టి, వచ్చిన ప్రతి పెద్దమనిషి చేతికీ పిల్లలు ఒక చీటీ ఇవ్వాలి: ఏ నీళ్లకు ఎక్కువ చుక్కలు పడతాయో ముందు ఊహించి రాసి, పేరు పెట్టి, డబ్బాలో వేయాలి. తర్వాత వాళ్ల ఎదుటే ఊపి చూపించాలి. టీడీఎస్ మీటరు పట్టుకుని వాదించే పెద్దలు తప్పక ఒకరిద్దరు వస్తారు, వాళ్లకు ఉప్పు సీసా, ఎప్సమ్ సాల్ట్ సీసా చూపించే పని ఆరో తరగతి పిల్లలకు అప్పగించండి.